ఒక చెట్టు ఏడాదికి ఎంత కార్బన్ డయాక్సైడ్‌ను దాచుకుంటుందన్న ప్రశ్నకు, బురదలో దిగివచ్చినవాడి జవాబు

ఒక చెట్టు ఏడాదికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, నేను నాటిన పది మొక్కలు పెద్దవైతే నా వంతు బాకీ తీరిపోయినట్టేనా అని మీరు అడిగారు. ఈ ప్రశ్నకు 22 కిలోలు అనే జవాబు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఏ జాతి చెట్టుకు, ఏ వయసులో, ఎంత వానలో, ఎలాంటి నేలలో అన్న వివరమేదీ లేకుండా చేతులు మారుతూ వచ్చిన అంకె అది; దానిని నేను మీకు జవాబుగా ఇవ్వలేను. అడవుల్లోని కర్బన నిల్వలను కొలిచే ఒక బృందంలో రెండేళ్లు సహాయకుడిగా పనిచేశాను. మొదటి ఏడాదంతా నేనూ మీలాగే చెట్టు వైపే చూశాను. రెండో ఏడాది నన్ను బురదలోకి దింపారు. అప్పటినుంచి ఈ ప్రశ్న వినగానే నా చూపు వేళ్ల కిందికి పోతోంది.

చెట్టును కొలవడం శుభ్రమైన పని. నేలనుంచి 1.3 మీటర్ల ఎత్తున మాను చుట్టూ టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుని, ఎత్తు తీసుకుని, ఆ జాతికి తగిన సమీకరణంలో వేస్తే ఎండు బరువు తెలుస్తుంది. ఎండిన కలపలో దాదాపు సగం కర్బనమే కాబట్టి, ఆ సగాన్ని 3.67తో గుణిస్తే అది గాలినుంచి ఎంత కార్బన్ డయాక్సైడ్‌గా వచ్చిందో తేలిపోతుంది. చెట్టు బరువులో అత్యధిక భాగానికి గాలే ముడిసరుకు అన్న సంగతి మనకిప్పుడు పాఠ్యపుస్తకపు మాటగా కనిపిస్తుంది కానీ, అది తెలియడానికి చాలా కాలం పట్టింది. పదిహేడో శతాబ్దపు ఫ్లెమిష్ వైద్యుడు, రసాయన పరిశోధకుడు వాన్ హెల్మాంట్ 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్కను నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోసి పెంచితే, చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టి మాత్రం సుమారు రెండు ఔన్సులే తగ్గింది. 1648లో అచ్చయిన ఆ ప్రయోగాన్ని ఆధారం చేసుకుని ఆయన చెట్టంతా నీటితోనే తయారైందని తీర్మానించాడు. బొగ్గు కాలితే వెలువడే వాయువును గుర్తించి, 'గ్యాస్' అనే మాటనే పుట్టించిన మనిషి, తన చెట్టులో ఉన్నది ఆ వాయువేనని పోల్చుకోలేకపోయాడు. మన పాత పుస్తకాలు ఆ కార్బన్ డయాక్సైడ్‌కు బొగ్గుపులుసు వాయువని చక్కటి పేరు పెట్టాయి. ఆ పేరు వింటేనే బొగ్గుకూ గాలికీ ఉన్న చుట్టరికం తెలిసిపోయేది.

ఇక బురద సంగతి. రెండో ఏడాది మా బృందం ఒక మడ అడవికి వెళ్లింది. పోటు తగ్గి నేల బయటపడే కొద్ది గంటల్లోనే అక్కడ పని ముగించుకోవాలి. నిలువునా సగానికి చీల్చిన ఉక్కుగొట్టంలాంటి పనిముట్టును ఇద్దరం కలిసి మీటరు లోతుకు దించి, పిడి పట్టి ఒక చుట్టు తిప్పి, మోకాళ్లవరకు కూరుకుపోయిన కాళ్లను ఊడబెరుక్కోలేక అవస్థ పడుతూనే పైకి లాగేవాళ్లం. మొదటిసారి అది బయటికి వచ్చినప్పుడు కుళ్లిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది. గొట్టంలోని బురద పైభాగాన గోధుమరంగులోనూ, కిందికి పోయేకొద్దీ నలుపు తిరిగిన బూడిదరంగులోనూ ఉండి, పొడుగునా సన్నని వేళ్లతో దారాలు అల్లినట్టు అల్లుకుపోయి ఉంది. ముప్పాతిక మీటరు లోతున ఒక ఆకు దొరికింది. ఈనెలు లెక్కపెట్టగలిగేంత చెక్కుచెదరకుండా ఉన్న దానిని అరచేతిలో పెట్టుకుని చూస్తుండగానే అంచులనుంచి నల్లబడటం మొదలైంది. రాలిపడి ఎన్ని తరాలయిందో తెలియని ఆకు కొద్ది నిమిషాల్లోనే రంగు మార్చుకోవడమేమిటని అడిగితే, మా బృందంలోని పెద్దాయన "దానికిప్పుడు గాలి తగిలింది కదా" అని ఊరుకున్నారు. ఆ జవాబు నాకు అప్పుడు దాటవేతలా అనిపించింది.

తీసిన బురదను అయిదేసి సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, సంచుల్లో వేసి, ఐసు పెట్టెలో భద్రపరచడం నా బాధ్యత. ఆఖరి రోజున పెట్టె నిండిపోవడంతో నాలుగు సంచులను సామాన్ల మధ్య ఇరికించి, మరునాడు సర్దవచ్చుననుకుని మరచిపోయాను. ఆరో రోజున తీసి చూస్తే సంచులు ఉబ్బి ఉన్నాయి, ముక్కల మీద తెల్లని బూజు నూగులా పట్టింది. పెద్దాయన కేకలు వేసినా బాగుండేది. "ఇన్నాళ్లూ సముద్రం కాపలా కాసిన కర్బనాన్ని నువ్వు ఆరు రోజుల్లో గాలికి వదిలేయడం మొదలుపెట్టావు" అని మెల్లగా అన్నారు. ఆ నాలుగింటినీ లెక్కలోంచి తీసేసి, మళ్లీ అంత దూరం వెళ్లి కొత్తవి తెచ్చుకున్నాం. ఆ ప్రయాణపు ఖర్చు గురించి కార్యాలయంలో నేను విన్న మాటలు ఇక్కడ రాయను.

ఉబ్బిన ఆ సంచుల్లో చేరినది, నేను ఏడాదిపాటు చెట్ల మానుల్లో లెక్కగట్టిన వాయువే. చెట్టు పీల్చుకున్నది నిల్వ కావాలంటే, దానిని తినే సూక్ష్మజీవుల నోటికి అది అందకుండా ఉండాలి. నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో వ్యాపించే వేగంలో పదివేలో వంతు మాత్రమే కనుక, నీరు నిండిన బురదలో పైపై పొరలు దాటగానే ఆక్సిజన్ అడుగంటిపోతుంది, కుళ్లడం నత్తనడకన సాగుతుంది. ఆపైన ఉప్పునీటిలోని సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియా, భూమిని మరింత గట్టిగా వేడెక్కించే మీథేన్ వాయువును తయారుచేసే జీవులకు మేత మిగలనివ్వదు. ఆ కోడిగుడ్ల వాసన వాటి పనే. మంచినీటి చిత్తడి నేలలకు ఈ రక్షణ లేదు, అవి కర్బనాన్ని దాచుకుంటూనే మీథేన్‌ను వదులుతాయి. ఇక మడ వేళ్ల మధ్య ప్రతి పోటుకూ కొత్త బురద వచ్చి పేరుకుని, కిందిదానిని మరింత లోతుకు పూడుస్తుంది. ప్రపంచమంతా కలిపి మడ అడవులు సుమారు లక్షన్నర చదరపు కిలోమీటర్లకు మించవు. అయినా హెక్టారుకు ఇంత అని చూస్తే అంత దట్టంగా కర్బనం దాచుకున్న అడవులు అరుదు, అందులోనూ అధిక భాగం ఉన్నది మనం టేపు చుట్టలేని చోటే.

భూమి మొత్తానికి చూసినా కథ ఇదే. నేలమీది మొక్కలన్నీ కలిసి ఏడాదికి దాదాపు 120 గిగాటన్నుల కర్బనాన్ని ఆకుల్లోకి తీసుకుంటాయి, గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. అందులో సుమారు సగం మొక్కల సొంత శ్వాసలోనే తిరిగిపోతుంది. మిగిలినదానిలో అత్యధిక భాగం కుళ్లడంలోనూ మంటల్లోనూ పోతుంది. ఏడాది చివరికి నేల మీద నికరంగా నిలిచేది మూడు గిగాటన్నులకు అటూఇటూ. అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద మొదలుపెట్టిన కొలతల్లో ఈ రాకపోకలు రేఖగా కనిపిస్తాయి: ఉత్తరార్ధగోళం చిగురించినప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు ఆరేడు పాళ్లు తగ్గి, ఆకు రాలాక మళ్లీ పెరుగుతుంది. ఆ ఊపిరి ఏటా వస్తున్నా, 1958లో 315 దగ్గర ఉన్న సగటు ఇప్పుడు 420 దాటింది. మనం వదిలేదానిలో దాదాపు సగాన్ని నేలా సముద్రమూ పంచుకుని మింగుతున్నాయి కాబట్టి అక్కడైనా ఆగింది.

నిల్వల విషయానికి వస్తే, పైనున్న మొక్కలన్నిటిలో సుమారు 450 గిగాటన్నుల కర్బనం ఉంటే, కింద మొదటి మీటరు మట్టిలోనే 1500 గిగాటన్నుల వరకు ఉంది. ప్రపంచపు భూభాగంలో మూడు శాతమే ఉన్న పీట్ నేలల్లో, అంటే సగం కుళ్లిన మొక్కలు వేల ఏళ్లుగా పేరుకున్న తడి నేలల్లో, ప్రపంచపు చెట్లన్నిటిలోకంటే ఎక్కువ కర్బనం ఉంది. ఆ నేలలకు కాలువలు తవ్వి నీరు తోడేయడమంటే నేను సంచులను మరచిపోయినట్టే, కాకపోతే కొన్ని లక్షల హెక్టార్ల మేర. 1997లో ఇండోనేషియాలో అలా ఎండబెట్టిన పీట్ నెలల తరబడి రగిలినప్పుడు, అక్కడి నేలా అడవీ కలిసి వదిలిన కర్బనం 0.8 నుంచి 2.6 గిగాటన్నుల మధ్య ఉండవచ్చని అంచనా వేశారు.

ఇంత తెలిశాక మొక్కలు నాటే సంరంభాలను చూస్తే నాకు విసుగు పుడుతుంది. గుంతలో మొక్కను పెట్టిన రోజున ఫొటోలు, పత్రాలు, లక్షల్లో లెక్కలు ఉంటాయి. మూడేళ్ల తర్వాత వాటిలో ఎన్ని బతికాయో చెప్పే కాగితాన్ని నేను చూసింది చాలా తక్కువ. అంతకంటే నన్ను బాధించేది స్థలాల ఎంపిక. గడ్డిభూమిని మన భాషలో ఎంత సులువుగా బంజరు అనేస్తామో ఆలోచించండి. ఆ గడ్డి తన సంపదను వేళ్లలో, మట్టిరేణువులకు అంటుకున్న పదార్థంలో దాచుకుంటుంది కాబట్టి పైన మంట పాకిపోయినా కిందిది చాలావరకు నిలిచి ఉంటుంది. దానిని యంత్రాలతో తిరగదున్ని తొందరగా పెరిగే ఒకే జాతి చెట్లను వేస్తే, మొదటి కొన్నేళ్లు ఆ చెట్లు పీల్చేది మట్టి కోల్పోయినదానికి సరిపోతే గొప్ప. చిత్తడి నేలను ఎండగట్టి అందులో తోట వేసి, దానికీ పచ్చదనమని పేరు పెట్టేవారితో నేను వాదించడం మానేశాను.

మీ పది మొక్కలను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. వాటిని పెరగనివ్వండి, రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టకండి, మొదళ్ల చుట్టూ మట్టిని ఊరికే తిరగదవ్వకండి. ఎన్ని కిలోలో ఇంకా తెలుసుకోవాలని ఉంటే ఆ మొక్కల జాతి, వయసు, చుట్టుకొలతలు రాయండి. వాటికి ముందు ఆ చోట ఏముండేదో, నాటేటప్పుడు ఎంత లోతు తవ్వారో, ఏడాదిలో ఎన్ని నెలలు నేల తడిగా ఉంటుందో కూడా చెబితే లెక్క వేసి చూస్తాను. జవాబు సున్నాకు దిగువన వచ్చినా దాచిపెట్టకుండా ఇక్కడే రాస్తాను.