వంటగది స్టైల్ కోసం అప్పు చేయొచ్చా?

ప్రశ్న: కొత్త ఇంట్లో వంటగది చేయించుకోవాలి. నాకు ఫ్రేము తలుపులుండే క్లాసిక్ డిజైన్ ఇష్టం. మా వారికి హ్యాండిల్స్ లేకుండా అద్దంలా మెరిసే మోడ్రన్ కిచెన్ కావాలి. రెండు కొటేషన్లూ మేం పక్కన పెట్టుకున్న డబ్బును 40 శాతం దాటిపోయాయి. తేడాకు హోమ్ లోన్ మీద టాపప్ (ఉన్న లోన్‌కు అదనంగా ఇచ్చే అప్పు) తీసుకోమని ఒకరు, అత్యవసర నిధి వాడుకోమని మరొకరు అంటున్నారు. ఆరేడేళ్లలో ఈ ఇల్లు అమ్మే ఆలోచన ఉంది. కిచెన్ బాగుంటే పెట్టిన ఖర్చు అప్పుడు తిరిగొస్తుందని డిజైనర్ చెబుతున్నారు. ఏ స్టైల్ ఎంచుకోమంటారు?

జవాబు: ఆలుమగల అభిరుచుల మధ్య తీర్పు చెప్పే సాహసం చేయను. కానీ అప్పు సంగతి మాత్రం ముందే తేల్చేద్దాం.

టాపప్ లోన్‌కు వడ్డీ తక్కువే, కాదనను. గడువు సంగతే ఎవరూ చెప్పరు. 9 శాతం వడ్డీతో 20 ఏళ్లు కడితే ప్రతి 100కు మీరు కట్టేది దాదాపు 216. అదే 12 శాతం వడ్డీకి తీసుకుని 5 ఏళ్లలో తీర్చేస్తే దాదాపు 133. చౌక వడ్డీ అప్పే చివరికి ఖరీదైంది. పైగా మీరు ఆరేడేళ్లలో అమ్మేస్తామంటున్నారు. ఆ టాపప్‌ను ఏడేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా 100లో దాదాపు 83 అసలు మిగిలే ఉంటుంది. అప్పటికి షట్టర్ల, అంటే వంటగది పెట్టెల తలుపుల, మెరుపు తగ్గి ఉంటుంది, అప్పు మాత్రం తగ్గినట్టే కనిపించదు. కొనేవాళ్లు చూసేది ఏడేళ్లు వాడిన వంటగదిని. దానికి మీరు కొత్తలో పెట్టిన ధర ఇవ్వరు. తిరిగొస్తుందన్న మాటను లెక్కలోంచి తీసేయండి.

అత్యవసర నిధి జోలికి అసలు వెళ్లొద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు అందులో ఉండాలి. దానికంటే పైన ఏమైనా ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇక స్టైల్. కొటేషన్‌ను వెనక్కి పంపి, విడివిడిగా రాసిమ్మని అడగండి: లోపలి పెట్టెలకు ఎంత, షట్టర్లకు ఎంత, హింజిలకూ సొరుగుల ఛానెళ్లకూ ఎంత, గట్టు రాయికి ఎంత, ప్లంబింగ్, వైరింగ్‌కు ఎంత. మనం స్టైల్ అని పిలిచేది చాలావరకు షట్టర్లలో, హ్యాండిళ్లలో, రంగులోనే ఉంటుంది. వాటిని ఎప్పుడైనా విప్పి మార్చుకోవచ్చు. సింకు ఎక్కడుండాలి, పెట్టెలు దేంతో చేశారు, గట్టు ఎంత ఎత్తులో ఉంది అన్నవి మార్చాలంటే మాత్రం పగలగొట్టాల్సిందే. అందుకే డబ్బు ముందు వీటికి వెళ్లాలి, మిగిలింది అందానికి.

మోడ్రన్ కిచెన్ పుట్టిందే పొదుపులో. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టిస్తున్న ఇళ్ల కోసం మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవులో వంటగది గీశారు. చేసే మనిషి ఎన్ని అడుగులు వేయాలి, చెయ్యి ఎక్కడిదాకా అందుతుంది అన్న లెక్కలోంచి వచ్చిన ఆకారం అది. అలాంటివి పది వేల దాకా కట్టారు. మెరుపు తర్వాత ఎప్పుడో వచ్చి చేరింది, బిల్లుతో సహా.

మీ రెండు కోరికల్లో అసలు తేడా ఎక్కడుందో చూడండి. ఫ్రేము తలుపులు మామూలు పెట్టెల మీదే కూర్చుంటాయి. అయితే గాడి తీయడానికి ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) కావాలి, దాని మీద పెయింట్ కావాలి. ఖర్చు పెరిగేది అక్కడ. పెయింట్ బదులు పీవీసీ ఫాయిల్ అనే పల్చటి ప్లాస్టిక్ పొర అంటిస్తే చౌకే, కాకపోతే స్టవ్, ఓవెన్ వేడి తగిలేచోట ఊడొస్తుంది. గాడుల్లో జిడ్డు చేరుతుంది, తుడిచే ఓపిక ఉండాలి. మీ వారు కోరే నిగనిగలాడే యాక్రిలిక్ మీద వేలిముద్రలూ గీతలూ దాగవు. ఇంకో చిక్కు కూడా ఉంది. హ్యాండిళ్లు లేకుండా తెరవడానికి లోహపు ప్రొఫైల్ పెడితే, దానికోసం పెట్టె పక్క పలకలనే కోస్తారు. రేపు మనసు మారి మామూలు తలుపులు పెడదామంటే పెట్టెలు సహకరించవు. హ్యాండిళ్లు వద్దనుకుంటే నొక్కితే తెరుచుకునే లాచ్‌లు పెట్టించుకోండి, అవి పెట్టెను మార్చవు.

నన్ను ఒక్కటే చెప్పమంటే, ఈ ఆరేడేళ్లకు మ్యాట్ (మెరుపు లేని) లామినేట్‌తో సాదా చదును షట్టర్లు చాలు. పెట్టెల వెడల్పు మాత్రం 300, 450, 600 మిల్లీమీటర్ల మామూలు కొలతల్లోనే ఉండాలని పట్టుబట్టండి. అప్పుడు మీకు ఇష్టమైన ఫ్రేము తలుపులు మూడేళ్ల తర్వాత, చేతి డబ్బుతో, పెట్టెలు కదపకుండా బిగించుకోవచ్చు. ఆగలేకపోతే కంటికి ఎదురుగా ఉండే పై వరుసకు మాత్రం ఇప్పుడే పెట్టించండి.

ఆ 40 శాతాన్ని ఎక్కడ కోయాలి? సింకును ఉన్నచోటు నుంచి జరపకండి. మధ్యలో ఐలాండ్, అంటే గోడకు ఆనకుండా విడిగా నిలిచే గట్టు, ఉంటే తీసేయండి. దాని చుట్టూ మీటరుకు పైగా దారి వదలాలి, చిన్న గదిలో అది స్థలానికీ డబ్బుకీ దండుగే. మూలల్లో బయటికి తిరిగొచ్చే ట్రేల బదులు మామూలు అర చాలు. సొరుగులు గట్టు కింద రోజూ వాడే చోటనే. తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ సింకు కింది పెట్టెకూ దాని పక్కవాటికీ వేయించి, తడి తగలని చోట తక్కువ రకం వాడొచ్చు. చెక్క తురుమును జిగురుతో అతికి చేసే పార్టికల్ బోర్డును మాత్రం సింకు దరిదాపుల్లోకి రానివ్వకండి, ఒకసారి నీళ్లకు ఉబ్బితే మళ్లీ మామూలు కాదు. హింజిల్లో మాత్రం పిసినారితనం వద్దు. ఓవెన్, డిష్‌వాషర్ ఇప్పుడే కొననక్కర్లేదు. వాటికి 600 మిల్లీమీటర్ల చోటు, ప్లగ్ పాయింట్లు, డిష్‌వాషర్‌కైతే నీటి లైను కూడా ఇప్పుడే వదిలిపెట్టండి.

ఇదంతా చేశాక మీ బడ్జెట్‌లో 10 శాతం చేతిలో మిగలాలి. పని మొదలయ్యాక గోడ లోపల ఏ పైపు బయటపడుతుందో తెలియదు. ఆ 10 మిగలడం లేదంటే ఇంకా కోయాల్సింది ఉందన్నమాట, పై వరుస పెట్టెల్లో సగం తగ్గించి చూడండి.

సంతకం చేసేముందు డ్రాయింగ్‌ను ఇద్దరూ కలిసి, టేపు పట్టుకుని గదిలో కొలిచి చూడండి. బోర్డు కోశాక వచ్చే ప్రతి మార్పుకూ రెండుసార్లు డబ్బు కట్టాలి. చెల్లింపులు పని దశలను బట్టి ఉండేలా రాయించుకుని, చివరి వాయిదాను ప్రతి తలుపూ సొరుగూ తెరిచి మూసి చూశాకే ఇవ్వండి.