వైజాగ్‌లో థిక్‌బిల్డ్ వార్బ్లర్ కనబడాలన్నా, ఫోటో దొరకాలన్నా ఏం చేయాలి?

వైజాగ్‌ని ఆనుకుని ఉన్న కంబాలకొండ అభయారణ్యంలో ఎవరో థిక్‌బిల్డ్ వార్బ్లర్ (లావు ముక్కున్న వలస పిట్ట) చూశామని, చూసిన పిట్టల లిస్టు పెడితే మీరు వెళ్లి, పొద్దంతా తిరిగి ఉత్తచేతులతో వచ్చేశానన్నారు. ఫోన్‌లో దాని కూత పెడితే బయటకు వస్తుందా అని కూడా అడిగారు. కూత సంగతి కింద చెప్తాను. ముందు ఆ తిరగడం మానేయండి, ఈ పిట్ట తిరిగేవాళ్లకు దొరకదు.

ఇది దక్షిణ సైబీరియా, మంగోలియా, ఉత్తర చైనా వైపు గూడు పెట్టి, చలికాలానికి మన దేశం వస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వెతకొచ్చు కానీ నాకైతే డిసెంబరు, జనవరే మేలు, వానలకు పెరిగిన గడ్డి అప్పటికి ఎండి తుప్పల్లోకి కాస్త చూపు వెళ్తుంది. చాలామంది వార్బ్లర్ అనగానే చెరువు గట్టు పట్టుకుంటారు. కొండకర్ల ఆవ చెరువులో జమ్ములోంచి గోల చేసేది క్లామరస్ రీడ్ వార్బ్లర్, అది వేరు. థిక్‌బిల్డ్‌కి నీళ్లతో పెద్దగా పనిలేదు, ఒత్తుగా అల్లుకున్న తుప్పలు, ఎత్తు గడ్డి, అడవి అంచు ఉంటే చాలు. నాకు కనబడింది గెడ్డ పక్కన, లాంటానా మీద తీగ పాకి గుబురైపోయిన చోట.

అక్కడ ముందు తెలిసేది చెవికే. రెండు గులకరాళ్లు గట్టిగా కొట్టినట్టు 'చక్', మళ్లీ కాసేపాగి 'చక్'. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ కూడా దాదాపు అలాగే అంటుంది, అది మన ఊళ్లో ప్రతి తుప్పలోనూ ఉంటుంది, కానీ దాని గొంతు పలచన. ఈ బరువైన 'చక్' వినబడగానే దారి మీదే, తుప్పకు పది పన్నెండు అడుగుల దూరంలో, వెలుగు వీపు వెనక ఉండేలా చూసుకుని కూర్చోండి. లోపల కొమ్మలు కదులుతాయి, పిట్ట కనబడదు. చిన్న వార్బ్లర్లలాగా చురుగ్గా గెంతదు, బరువుగా కొమ్మ నుంచి కొమ్మకు పాకుతుంది. నేను అలా చాలాసేపు కూర్చుంటే ఒక్కసారి తీగ మీదకి ఎక్కింది, నోట్లో పచ్చ గొంగళిపురుగు, దాన్ని కొమ్మకేసి అటూ ఇటూ కొట్టి మింగి, ముక్కు రెండు వైపులా తుడుచుకుని, నెత్తి మీద ఈకలు కొంచెం లేపి నన్ను చూసింది. ఆ ముఖం మర్చిపోలేను.

గుర్తుపట్టడానికి కూడా ఆ ముఖమే ఆధారం. కంటి మీద కనుబొమ్మ గీత ఉండదు. క్లామరస్‌కీ, బ్లైత్స్‌కీ లేతగానైనా ఉంటుంది. కంటికీ ముక్కుకీ మధ్య లేత రంగు, అందుకే నల్లటి కన్ను ఒక్కటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముక్కు పొట్టి, లావు, కింది దవడ గులాబీ ఛాయ. తోక పొడవు, చివర గుండ్రం. సైజులో పిగిలిపిట్ట కంటే కాస్త చిన్నది, బ్లైత్స్ దీని ముందు మరీ బుల్లిది.

ఫోటోకి ఆటోఫోకస్ సింగిల్ పాయింట్‌లో పెట్టండి, లేకపోతే కెమెరా ముందున్న పుల్లనే పట్టుకుంటుంది. నీడలో ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) 3200 దాకా వెళ్లడానికి భయపడొద్దు, గ్రెయిన్ వచ్చినా పిట్ట తెలుస్తుంది, షట్టర్ వేగం 1/500 సెకను కంటే తగ్గితే మాత్రం ముఖం అలుక్కుపోతుంది. అందమైన పోజు కోసం ఆగకండి, కనబడిన క్షణం ముఖం పక్కనుంచి ఒకటి, తోక ఒకటి తీసేయండి. ఇంకోటి, ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్ మన సముద్రపు గాలికి వెంటనే మసకబారుతుంది, బయలుదేరే ముందే బ్యాగులోనే వరండాలో పెట్టి ఉంచండి.

ఇక ఫోన్‌లో కూత. వద్దండి, అందులోనూ అభయారణ్యంలో అసలే వద్దు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, తిని బలం పుంజుకోవాల్సిన పిట్ట, లేని పోటీదారు కోసం వెతుక్కుంటూ తిరుగుతుంది. మన తూర్పు కనుమల్లోనే పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ గ్రీనిష్ వార్బ్లర్లను గమనించి 1981లో ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికలో రాశారు, చలికాలంలో కూడా అవి తమ తమ జాగాలు పట్టుకుని, అరుస్తూ కాపాడుకుంటాయని. థిక్‌బిల్డ్ వేరే జాతే అయినా నేను చూసింది వారాల తర్వాత కూడా అదే తుప్పలో ఉంది. అందుకే చెప్తున్నాను, ఒకసారి 'చక్' వినబడిన చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ వెళ్లండి, రప్పించాల్సిన పనే ఉండదు.

కనబడితే ఈబర్డ్‌లో (చూసిన పిట్టల లిస్టులు పెట్టే వెబ్‌సైట్) తప్పకుండా పెట్టండి. విశాఖకు చెందిన పక్షి పరిశోధకులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు ఈ కొండల్లో ఓపిగ్గా పనిచేశారు, ఇక్కడి అబట్స్ బాబ్లర్ అనే పిట్ట ఉపజాతికి 1985లో ఆయన పేరే పెట్టారు. ఇప్పటికీ ఈ కనుమల పిట్టల గురించి తెలియాల్సింది చాలా ఉంది, మీ ఒక్క రికార్డూ పనికొస్తుంది. అరుదైన పిట్ట కాబట్టి రివ్యూ చేసేవాళ్లు వివరాలు అడుగుతారు, కనుబొమ్మ గీత లేదని, ముక్కు, తోక ఎలా ఉన్నాయో అక్కడే నోట్ చేసుకోండి. ఫోన్‌లో కూత రికార్డు చేసి అదీ జతచేయండి, ఫోటో కొమ్మల చాటున సగమే వచ్చినా ఆ రెండూ ఉంటే గుర్తింపు నిలబడుతుంది.