లిస్టులో పొట్లాలు కాదు, గ్రాములు రాయి

మల్లేశ్వరం, బెంగళూరు

చి. కిరణ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన సరుకుల లిస్టు ఫోటో చూశాను. పోయినేడాది లిస్టే ఈ ఏడాదీ, ఒక్క వస్తువు కూడా పెంచలేదు, అయినా ఇరవై అయిదో తేదీకే డబ్బాలు ఎందుకు ఖాళీ అవుతున్నాయి అని కదా నీ ప్రశ్న. జవాబు ఆ లిస్టులోనే ఉంది. "టీ పొడి 1, నూనె 3, సేమియా 2, బిస్కెట్లు 6" అని రాసినావు. ఒకటి అంటే ఎంత నాయనా? రోజుకు 8 గ్రాముల టీ పొడి పడే ఇంట్లో 250 గ్రాముల పొట్లం 31 రోజులు వస్తుంది. అదే రంగు, అదే బొమ్మ, అదే ధర మీద లోపల 200 గ్రాములే ఉంటే సరిగ్గా 25వ తేదీకి డబ్బా అడుగు కనిపిస్తుంది. మీరు తాగే టీ పెరగలేదు, పొట్లం చిక్కిపోయింది.

ఈ వింత తూకాలు ఎక్కడి నుంచి వచ్చినాయో ముందు తెలుసుకో. ఒకప్పుడు టీ, కాఫీ, బిస్కెట్లు, నూనె, సబ్బుల వంటి వాటికి ఏ సైజుల్లో పొట్లం కట్టాలో చట్టమే చెప్పేది. 2011 నాటి పొట్లాల నిబంధనలకు 2021 నవంబరులో సవరణ ప్రకటించి ఆ పట్టికను తీసేసినారు. అందుకే ఇప్పుడు 230 గ్రాములు, 185 గ్రాములు, 850 మిల్లీలీటర్లు లాంటి లెక్కలు చూస్తున్నావు. పొట్లం మీద అసలు బరువు అచ్చేసి ఉన్నంతవరకు ఇది చట్టబద్ధమే. అంగడాయనతో పోట్లాడి లాభం లేదు, ఆయన కట్టిన పొట్లం కాదది.

పట్టిక తీసేసినందుకు బదులుగా ఒక మేలు కూడా చేసినారు. ఎం.ఆర్.పి. పక్కన చిన్న అక్షరాల్లో యూనిట్ సేల్ ప్రైస్ అని ఉంటుంది. కిలో లోపు పొట్లమైతే గ్రాముకెంత, కిలో దాటితే కిలోకెంత, ద్రవాలైతే మిల్లీలీటరుకో లీటరుకో ఎంత అని వేయాలి. రెండు కంపెనీల పొట్లాలు పక్కపక్కన పెట్టి ఆ అంకె చూస్తే చాలు అనుకుంటావు. అక్కడే రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఆ అంకె ఎం.ఆర్.పి. మీద కట్టింది, నువ్వు తగ్గింపు పోను ఇచ్చిన డబ్బు మీద కాదు. రెండోది, దాన్ని రెండు దశాంశాలకు కుదించి వేస్తారు. గోధుమపిండి మీద గ్రాముకు 0.06 అని ఉంటే అది కిలోకు 55 రూపాయలైనా కావచ్చు, 65 అయినా కావచ్చు. ఉప్పు మీద 0.03 అంటే కిలో 25 నుంచి 35 దాకా ఏదైనా సరే. కాబట్టి టీ, నెయ్యి, మిరియాలు, ఏలకుల లాంటి ఖరీదైన వాటికి అచ్చులోని అంకె పనికొస్తుంది. పిండి, ఉప్పు, చక్కెర, రవ్వలకు మాత్రం ఫోను తీసి నువ్వే చేసుకో: ఇచ్చిన డబ్బును గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే కిలో ధర వస్తుంది.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టు. వస్తువు, గ్రాములు, ఇచ్చిన డబ్బు, కిలోకెంత, ఈ నాలుగు గళ్లు చాలు. ఇంట్లో ఉన్న అరవై వస్తువులకూ లెక్క రాస్తానని కూర్చుంటే రెండో నెలకే మానేస్తావు. ఎక్కువ డబ్బు పోయే పదిహేను వస్తువులు చాలు. పొట్లం విప్పిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ వేయి, అయిపోయిన రోజు రోజులు లెక్కపెట్టు. ఒక్క నెల ఇట్లా చేస్తే లిస్టు తనంతట తానే మారిపోతుంది: "టీ పొడి 250 గ్రా., నూనె 3 లీ., సేమియా 400 గ్రా." అని. పాలు ఎక్కువై పాయసం పలచన అవుతోందని సౌమ్య అంటోందే, దానికీ కారణం ఇదే కావచ్చు. "లీటరు పాలకు ఒక పొట్లం" అన్న పాత కొలత పొట్లం తగ్గితే తప్పుతుంది.

పాల సంగతి దగ్గరగా చూడు, లెక్క అర్థమవుతుంది. 2024 జూన్‌లో నందిని వాళ్లు అర లీటరు పొట్లాన్ని 550 మిల్లీలీటర్లు చేసి, నీలం పొట్లం ధర 22 నుంచి 24 రూపాయలకు పెంచినారు. 2025 ఏప్రిల్ 1న పాల ధర పెంచినప్పుడు పొట్లాన్ని మళ్లీ 500కు తెచ్చినారు. అర లీటరు ధర 24 రూపాయలే. చేతిలో పడే చిల్లర మారలేదు గనుక చాలామందికి పట్టలేదు. చాటుగా చేసింది కాదు, పేపర్లలో వచ్చింది, పొట్లం మీద కూడా ఉంది. కానీ రోజుకొక పొట్లం తీసుకునే ఇంట్లో నెలకు లీటరున్నర తగ్గింది, అంటే మూడు పొట్లాలు, 72 రూపాయలు. పెరుగు గిన్నె నిండడం లేదని తోడు మీద నింద వేసినవాళ్లు ఎందరో! అప్పటి ధరలోనే ఇంకోటి గమనించు: లీటరు పొట్లం 46, రెండు అర లీటర్లు కొంటే 48 పడింది. రెండు పొట్లాలు తీసుకునే రోజుల్లో లీటరుదే తీసుకో.

నూనెలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ తూకమూ కొలతా కలిసిపోతాయి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె బరువు దాదాపు 910 గ్రాములు. కిలో కాదు. 750 గ్రాముల పొట్లమంటే 824 మిల్లీలీటర్లు, 850 మిల్లీలీటర్ల పొట్లమంటే 773 గ్రాములు. మూడు రకాలూ అరలో పక్కపక్కన నిలబెడితే కంటికి ఒకే ఎత్తు. ఉదాహరణకు లీటరు 150 రూపాయలు, 850 మిల్లీలీటర్లది 132 అనుకో. చూడగానే 18 మిగిలినట్టు ఉంటుంది. 132ను 0.85తో భాగిస్తే లీటరు 155 పైన పడింది. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది గనుక కొందరు ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర లీటరని రాసి తక్కువ బరువు పోసేవాళ్లు. 2022లో కేంద్రం ఆ ఉష్ణోగ్రత మాట తీసేసి కొలతతో పాటు బరువు కూడా వేయమంది. కాబట్టి ఎప్పుడూ గ్రాముల అంకెనే పోల్చు. 15 కిలోల డబ్బా పదిహేను లీటర్లు కాదు, పదహారున్నర. ఇద్దరికి డబ్బా వద్దులే, మూత తీసిన నూనె నెలల తరబడి ఉంటే కనరు వాసన వస్తుంది.

ఇక ధర ఎందుకు ఎగిరి పడుతుందంటావా, మన సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనాల నుంచి వస్తుంది. ముడి నూనె మీద దిగుమతి సుంకం 2024 సెప్టెంబరులో సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే చివర 10కి తగ్గించినారు. సుంకం పెరిగితే అంగట్లో తొందరగా తెలుస్తుంది, తగ్గితే మెల్లగా తెలుస్తుంది. మన ఊరి నుంచి శెనక్కాయ నూనె వచ్చే దారి ఉంటే కొంత దానికి మళ్లించు.

బియ్యం మూటలు 26 కిలోలవి ఎందుకున్నాయని అడిగినావు. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు అచ్చేసి కట్టిన బియ్యం, పప్పులు, పిండి పొట్లాల మీద 5 శాతం జి.ఎస్.టి. పడింది. పాతిక దాటితే లేదు. అంతే, మూటలు ఒక కిలో లావెక్కినాయి. పోల్చేటప్పుడు మూట ధర చూడకుండా 26తో భాగించు. అంగట్లో గోతాము విప్పి నీ ముందే తూచి ఇచ్చే విడి సరుకుకు కూడా ఆ పన్ను లేదు. మీ ఇద్దరికీ నెలకు ఎనిమిది కిలోలనుకుంటే మూట మూడు నెలలకు పైగా వస్తుంది. ఫిబ్రవరిలో కొంటే పరవాలేదు, జూన్‌లో కొంటే బెంగళూరు తేమకు పురుగు పట్టడం ఖాయం. వానాకాలంలో పది కిలోలు మించొద్దు.

పప్పులు విడిగా కొను. మనం బేడలు అన్నదాన్ని ఇక్కడ బేళె అంటారు, తొగరి బేళె అంటే కందిబేడలు, భాష కోసం భయపడే పని లేదు. తూచే ముందు తక్కెడ మీద ఖాళీ పళ్లెం పెట్టి సున్నా ఉందా చూడు. అధికారులు ఏటేటా తనిఖీ చేసి వేసే ముద్ర పాతబడిపోయి ఉంటే వేరే అంగడి చూసుకో. కల్బుర్గి వైపు కొత్త కందులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య మార్కెట్లకు వస్తాయి. ఫిబ్రవరి, మార్చిలో నాలుగు నెలల బేడలు, అంటే మీకు ఆరు కిలోలు తీసుకుని, కిలోకు ఒక చిన్న చెంచా ఆముదం పట్టించి, ఒక రోజు ఎండబెట్టి డబ్బాకెత్తు. ఎక్కువ రాస్తే జిడ్డు వాసన వదలదు. ఎండబెట్టింది చల్లారకముందే మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. రవ్వకు ఎండ కంటే ఫ్రీజర్ మంచిది: నాలుగు రోజులుంచి తీసి, పొట్లం మామూలు వేడికి వచ్చేదాకా విప్పకు, విప్పినావంటే నీరు దిగి ఉండలు కడుతుంది. చింతపండు, మిరపకాయలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల కొనుక్కో. గింజ చింతపండు చవక అని మురిసిపోకు, గింజలు, ఈనెల కింద చాలా బరువు పోతుంది. బ్యాడగి మిరపకాయ రంగుకు, గుంటూరు కారానికి. ఒట్టి బ్యాడగితో మన ఊరబిండి పచ్చడి రాదు, కారం చాలక ఇంకో గుప్పెడు వేస్తావు, డబ్బు అక్కడ పోతుంది.

తూకం తగ్గకుండా సరుకు పలచనయ్యే దారి ఇంకొకటుంది, దాన్ని గ్రాముల లెక్క పట్టుకోలేదు. కాఫీ పొడి పొట్లం తిప్పి చూడు. చికోరీ అనే వేరు పొడి కలిపిన దాంట్లో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, శాతం పొట్లం మీద వేయాలి. 53:47 పొట్లం 200 గ్రాములు కొంటే నీకు దక్కిన కాఫీ 106 గ్రాములు. మీ వీధిలో ఆడించి ఇచ్చే అంగట్లో 80:20 అడిగితే 160. మొదటిది 140 రూపాయలు, రెండోది 190 అనుకున్నా, కాఫీ గ్రాముకు మొదటిది రూపాయి ముప్పైరెండు పైసలు, రెండోది రూపాయి పంతొమ్మిది. పైగా ఒక చెంచా తక్కువ పడుతుంది. ఇదే చూపు మిగతా పొట్లాల మీదా ఉండనీ. దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. బాదం బిస్కెట్‌లో బాదం పేరు ఉప్పు పక్కన ఉంటే నీకే తెలుస్తుంది.

పది రూపాయల పొట్లాల్లో ధర కదలదు, గ్రాములే కదులుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్లు, టూత్‌పేస్టు, సబ్బు, తల నూనె, షాంపూ మీద జి.ఎస్.టి. 18 నుంచి 5కు, నెయ్యి మీద 12 నుంచి 5కు తగ్గింది. బట్టలుతికే డిటర్జెంట్ పొడి 18లోనే ఉంది. కాబట్టి నోటుబుక్కులో ఆ తేదీకి ముందు ధరలతో పోల్చొద్దు. పెద్ద పొట్లమే చవక అన్న నమ్మకం కూడా వదులుకో. షాంపూ, డిటర్జెంట్ పొడి చిన్న పొట్లాలే చాలాసార్లు గ్రాముకు తక్కువ పడతాయి. "20 శాతం అదనం" అన్న చోట, ఏ బరువు మీద అదనమో పాత పొట్లం పెట్టి చూడు.

యాప్‌లో నిమిషాల్లో వచ్చే సరుకు తెప్పిస్తే హ్యాండ్లింగ్, చిన్న ఆర్డరు ఛార్జీలు కలిపి భాగించాలి. "ఉల్లి 1 ప్యాక్" కింద 900 గ్రాముల నుంచి కిలో అని ఉంటే 900 అనే లెక్కేసుకో. కూరగాయలకు హాప్‌కామ్స్ (ఇక్కడి రైతుల సహకార సంఘం అంగళ్లు) బోర్డు ధర ఒక కొలబద్ద, అక్కడ కొనకపోయినా చదువుకుని ముందుకు పో. కొత్తిమీర, పాలకూర కట్టలకు ఏ నిబంధనా లేదు, ఎండాకాలం ధర అదే ఉండి కట్ట సన్నబడటం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. యశవంతపుర టోకు మార్కెట్ యార్డుకు వెళ్లడం ఇద్దరికి దండగ. మూడు ఇళ్లు కలిసి మూటలు పంచుకుంటేనే ఆటో ఖర్చు గిట్టుతుంది.

వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ ఒకటి కొను. పొట్లం తూచి, ఖాళీ సంచి బరువు తీసేయి. కిలో పొట్లంలో 15 గ్రాముల దాకా తేడాను నిబంధనలే ఒప్పుకుంటాయి, అర కిలోకూ అంతే. అంతకు మించి తగ్గితే, లేదా ఎం.ఆర్.పి. మీద ఎక్కువ తీసుకుంటే, పొట్లం పారేయక ముందే బ్యాచ్ నంబరు, తేదీ, తూకం కనిపించేట్టు ఫోటో తీసి, బిల్లుతో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయి. సంచి పారేసి ఫోను చేస్తే ఏ పొట్లమో వాళ్లకూ తెలియదు, నీకూ గుర్తుండదు.

సౌమ్యకు ఆశీస్సులు చెప్పు. వచ్చే నెల లిస్టు పంపే ముందు ఒకసారి గ్రాములతో తిరగరాసి పంపు, చూస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ