లాహోర్ అమ్మాయి, జలంధర్ అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి టొరంటోలో చదువుకుంటోంది. తన రూమ్మేట్లలో ఒకమ్మాయిది జలంధర్, ఇంకో అమ్మాయిది పాకిస్తాన్‌లోని లాహోర్. ఇద్దరూ పంజాబీలో గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటారట, కానీ ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరట. ఫోన్‌లో మెసేజ్ పెట్టుకోవాలంటే ఇంగ్లిష్ అక్షరాలే దిక్కు. ఒకే భాష అయితే ఇదెలా? మా అమ్మాయికి పంజాబీ నేర్చుకోవాలని ఉంది, ఏ లిపి నేర్చుకోమనాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒకే భాషేనండీ, అందులో సందేహం లేదు. లాహోర్‌కీ అమృత్‌సర్‌కీ మధ్య దూరం 50 కిలోమీటర్లే, అటూ ఇటూ మాట్లాడేది మాఝీ యాసే. లిపులు మాత్రం దేశ విభజనకు ముందునుంచే రెండున్నాయి. రెండో సిక్కు గురువు అంగద్ 16వ శతాబ్దంలో ఒక తీరుకు తెచ్చిన గురుముఖి ఒకటి, ఎడమనుంచి కుడికి రాస్తారు. ఉర్దూ అక్షరాలతో కుడినుంచి ఎడమకు రాసే షాముఖి రెండోది. 1947లో లక్షల కుటుంబాలు అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ వలసపోయాక, ఒక్కో వైపు ఒక్కో లిపే మిగిలింది.

అసలు తేడా బడిలో వచ్చింది. 1849లో పంజాబ్‌ను పట్టుకున్న ఇంగ్లిష్‌వాళ్లు ఆఫీసుల్లో, బడుల్లో ఉర్దూ పెట్టారు, పాకిస్తాన్ వచ్చాక కూడా అదే కొనసాగింది. 2017 జనాభా లెక్కల ప్రకారం అక్కడ దాదాపు 39 శాతం మంది మాతృభాష పంజాబీ, ఇంకే భాషకూ అంతమంది లేరు, అయినా ఎక్కువమంది పిల్లలు దాన్ని బడిలో చదవరు. ఇటువైపు 1966లో పంజాబీ మాట్లాడేవాళ్లకంటూ రాష్ట్రం ఏర్పడింది, బడిలో పంజాబీ తప్పనిసరి అయింది. లాహోర్‌లో చదువుకున్న ఇళ్లు చాలావాటిలో అమ్మానాన్నలు తమలో తాము పంజాబీలో మాట్లాడుకుంటూనే, పిల్లలవైపు తిరిగేసరికి ఉర్దూలోకి మారిపోతారు, పంజాబీ మాట్లాడితే మోటుగా ఉంటుందని వాళ్ల భయం. నాకు లిపి రెండుగా ఉండటం కంటే ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. మన ఇళ్లలో ఇంగ్లిష్‌తో జరుగుతున్నదీ ఇదే కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు.

మాటల్లో తేడా లేదని కాదు. వంటింటి కబుర్లలో పెద్దగా తెలియదు గానీ, వార్తలు పెడితే తెలిసిపోతుంది: అటువైపు పారసీ, అరబీ మాటలు, ఇటువైపు సంస్కృతం, హిందీ మాటలు ఎక్కువ.

ఇంత జరిగినా తెగనివి ఉన్నాయి. బాబా ఫరీద్ అనే సూఫీ కవి దర్గా పాకిస్తాన్‌లోని పాక్‌పట్టన్‌లో ఉంది, ఆయన పద్యాలేమో సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉన్నాయి, గురుద్వారాల్లో ఇవాళ్టికీ పాడతారు. ఆ పద్యాలు గురుముఖిలో ఉంటే లాహోర్ అమ్మాయి చదవలేదు, జలంధర్ అమ్మాయి నోటితో చదివి వినిపిస్తే మాత్రం, భాష పాతదే అయినా, చాలామటుకు అందుతుంది. ఒకసారి ముగ్గురినీ కూర్చుని ఆ పని చేయమనండి.

ఇక మీ అమ్మాయి సంగతి. ఉర్దూ చదవడం ముందే వచ్చి ఉంటే షాముఖి తేలిక. రాకపోతే గురుముఖితో మొదలుపెట్టమనండి, మూల అక్షరాలు 35, క-ఖ-గ-ఘ వరస మనదే కాబట్టి తెలుగు వచ్చినవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది, పుస్తకాలూ బోలెడు దొరుకుతాయి. మాట్లాడటం మాత్రం ఇద్దరి దగ్గరా నేర్చుకోమనండి.