జవాబు నోటీసులో రోమన్ మాటలు: నెక్ వీ, నెక్ క్లామ్, నెక్ ప్రికేరియో

ప్రశ్న: నరసరావుపేట దగ్గర మా నాన్నగారు 1998లో రిజిస్టరు దస్తావేజుతో కొన్న ఐదు సెంట్ల స్థలం ఉంది. 2010లో మా మేనమామ కొడుకు "రేకుల షెడ్డు వేసుకుని ఉంటాను, మీకు కావాల్సినప్పుడు లేచిపోతాను" అంటే నాన్నగారు నోటిమాటగా సరే అన్నారు. కాగితం రాసుకోలేదు. 2016లో పెద్దమనుషుల ఎదుట ఖాళీ చేయమని అడిగితే "ఇది నాది, పొమ్మన్నా పోను" అన్నాడు. తర్వాత నాన్నగారు పోయారు. నేను డాలస్‌లో ఉంటున్నాను. ఇటీవల లాయరు నోటీసు ఇప్పిస్తే, తాను 2010 నుంచి "నెక్ వీ, నెక్ క్లామ్, నెక్ ప్రికేరియో" స్వాధీనంలో ఉన్నానని, పన్నెండేళ్ళు దాటాయి కాబట్టి అడ్వర్స్ పొసెషన్ (యజమాని హక్కుకు ఎదురుగా సాగిన దీర్ఘకాల స్వాధీనం) కింద స్థలం తనదేనని జవాబు వచ్చింది. అది రోమన్ చట్టమట. మన కోర్టుల్లో చెల్లుతుందా? నేను విదేశంలో ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారా? మనుషుల్ని పెట్టి ఖాళీ చేయిస్తే తప్పా?

జవాబు: భయపడకండి. ఆ మూడు మాటల్లో చివరిది మీ పక్షానే పనిచేస్తుంది. అవతలి వకీలు దాని అర్థం చూసుకుని రాసినట్టు లేదు.

నెక్ అంటే కాకుండా. వీ అంటే బలవంతంగా, క్లామ్ అంటే దొంగచాటుగా, ప్రికేరియో అంటే అడిగి పుచ్చుకుని. రోమ్‌లో ప్రేటర్ అనే న్యాయాధికారి స్వాధీనం తగాదాల్లో ఇచ్చే ఒక ఉత్తర్వులోని ముక్క ఇది. ఇద్దరూ ఒకే ఇంటికోసం కొట్లాడుతుంటే, ఎదుటివాడి దగ్గరనుంచి బలవంతంగానో, చాటుగానో, అడిగి పుచ్చుకునో కాకుండా ప్రస్తుతం ఎవరు అనుభవిస్తున్నారో వారిని కదిలించవద్దని ఆ ఉత్తర్వు సారాంశం. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన డైజెస్ట్ 43వ పుస్తకంలో దీని పాఠం ఉంది. యాజమాన్యం ఎవరిదో అది తేల్చదు, తేలేదాకా ఎవరు లోపల ఉండాలో చెబుతుంది, అంతే.

అదే పుస్తకంలో ప్రికేరియం గురించి వేరే అధ్యాయమే ఉంది. బతిమాలి అడిగినవాడికి, ఇచ్చినవాడు సహించినంత కాలం వాడుకోమని ఇచ్చేది ప్రికేరియం అని ఉల్పియన్ అనే న్యాయవేత్త నిర్వచనం. "మీకు కావాల్సినప్పుడు లేచిపోతాను" అన్న మీ బావగారి మాట దీనికి అచ్చంగా సరిపోతుంది. అలా పుచ్చుకున్నవాడు ఇతరుల మీద స్వాధీనాన్ని కాపాడుకోగలడు గానీ, ఇచ్చినవాడి మీద కాదు.

ఇక చెల్లుబాటు సంగతి. రోమన్ చట్టం మన దేశంలో చట్టం కాదు. ఈ మాటలు ఇంగ్లండు మీదుగా వచ్చాయి. అక్కడ పక్కవాడి స్థలం మీదుగా దారి, నీరు, వెలుతురు లాంటివి పొందే ఈజ్‌మెంటు హక్కులు దీర్ఘకాల వాడకంతో ఎప్పుడు ఏర్పడతాయో తేల్చడానికి వాటిని కొలబద్దగా పెట్టుకున్నారు. 1930లలో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) మన దేశం నుంచి వెళ్ళిన అప్పీలులో అడ్వర్స్ పొసెషన్‌కూ అదే కొలబద్ద వాడింది. 1956లో సుప్రీంకోర్టు పి. లక్ష్మీరెడ్డి, ఎల్. లక్ష్మీరెడ్డి కేసులో (పేర్లు చూస్తేనే మనవాళ్ళ తగాదా అని తెలుస్తుంది) దాన్నే తిరిగి చెప్పింది. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పింది అన్ని కోర్టులకూ శిరోధార్యం కాబట్టి ఆ మాటలకు విలువ వచ్చింది, లాటిన్ కాబట్టి కాదు. మిగతా రోమన్ సరుకూ ఎక్కువగా ఈ దారినే వచ్చింది: ఒకసారి తేలిన తగాదాను మళ్ళీ తోడకూడదనే సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్, అప్పగించిన వస్తువును ఎంత జాగ్రత్తగా చూడాలో చెప్పే కాంట్రాక్టు చట్టం నియమాలు, వగైరా.

అయితే దారిలో ఒక సంగతి తారుమారైంది, మీ కేసుకు అది ముఖ్యం. రోమ్‌లో కాలం గడిచి యాజమాన్యం రావడానికి ఉసుకాపియో అనే వేరే పద్ధతి ఉండేది. క్రీ.పూ. 451-450 నాటి పన్నెండు ఫలకాల చట్టంలో దాని గడువు భూమికి రెండేళ్ళు, మిగతా వాటికి ఏడాది. చాలా తక్కువ అనిపిస్తుంది కదూ? కానీ తర్వాతి న్యాయవేత్తల కాలానికి అందులో రెండు మెలికలు స్థిరపడ్డాయి. స్వాధీనం కొనుగోలు, దానం లాంటి సరైన ఆధారంతో, మంచి నమ్మకంతో మొదలు కావాలి. దొంగిలించిన వస్తువు, బలవంతంగా లాక్కున్న భూమి చేతులు మారి అమాయకుడి దగ్గరికి చేరినా ఉసుకాపియో వర్తించదు. దావాలకు గడువులు పెట్టే మన 1963 లిమిటేషన్ చట్టం ఇందుకు పూర్తిగా ఎదురు. ఇక్కడ మంచి నమ్మకం అడగరు. పైగా "నీది అని తెలిసే, నీకు వ్యతిరేకంగా ఉన్నాను" అని చూపించాలి. 12 ఏళ్ళు గడిస్తే 27వ సెక్షన్ కింద యజమాని హక్కే ఆరిపోతుంది. 2008లో హేమాజీ వాఘాజీ జాట్ కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో మార్పు అక్కర్లేదంది. నా మటుకు ఈ విషయంలో రోమన్లే నయం, కానీ కోర్టులో నడిచేది లిమిటేషన్ చట్టమే.

ఇప్పుడు మీ లెక్క. లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం 12 ఏళ్ళు మొదలయ్యేది అతను లోపలికి వచ్చిన 2010లో కాదు, స్వాధీనం మీకు ప్రతికూలంగా మారిన రోజున. అనుమతితో ఉన్నంత కాలం ఎన్నేళ్ళైనా లెక్కలోకి రాదు. అనుమతి రద్దయ్యాక ఊరికే లేవకుండా కూర్చున్నా చాలదు, మీ హక్కును మీ ముఖాన కాదనాలి. అది 2016లో జరిగింది. కాబట్టి గడువు 2028 దాకా. ఆ పంచాయితీ జరిగిన తేదీ మీకూ ముఖ్యమే, కాగితాల్లో వెతికి పట్టుకోండి. ఇంకా టైముంది కదా అని కూర్చోవద్దు, అతను 2016కు ముందే ఎప్పుడో ఎదురుతిరిగానని సాక్షుల్ని తెస్తే ఆ మేరకు గడువు 2028 కంటే ముందే ముగుస్తుంది.

విదేశంలో ఉన్న కాలం: తీసేయరు. చాలామంది పొరబడేది ఇక్కడే. లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రతివాది దేశంలో లేని కాలాన్ని మినహాయిస్తుంది, వాది లేని కాలాన్ని కాదు. మీరు డాలస్‌లో ఉన్నా గడియారం తిరుగుతూనే ఉంటుంది. జస్టీనియన్ ఏర్పాటులో అయితే భూమికి ఇద్దరూ ఒకే ప్రావిన్సులో ఉంటే పదేళ్ళు, వేర్వేరు ప్రావిన్సుల్లో ఉంటే ఇరవై. దూరదేశాల్లో ఉండే యజమానికి ఆ వెసులుబాటు మన చట్టంలో రాలేదు. మన యాజ్ఞవల్క్య స్మృతిలోనూ, యజమాని కళ్ళెదుటే చూస్తూ నోరెత్తకపోతే భూమికి ఇరవై ఏళ్ళు అని ఉంది. సరిహద్దు, తాకట్టు, పసివాళ్ళ ఆస్తి లాంటి వాటిని మినహాయించింది. పన్నెండు ఫలకాల్లోనూ పొలాల మధ్య ఐదడుగుల గట్టుకు ఉసుకాపియో లేదు. గట్టు తగాదాలు ఎక్కడైనా ఒకటే అన్నమాట.

మనుషుల్ని పెట్టి ఖాళీ చేయించడం మాత్రం చేయకండి. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, చట్టబద్ధంగా కాకుండా వెళ్ళగొట్టబడినవాడు ఆరు నెలల్లోగా దావా వేస్తే స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఆ దావాలో మీ దస్తావేజు పనికిరాదు, యాజమాన్యం చర్చించరు. అప్పీలు కూడా లేదు. తర్వాత టైటిల్ దావా మీరు విడిగా వేసుకోవాలి. రోమన్ చట్టంలో ఒక దశలో, మీ దగ్గర అడిగి పుచ్చుకున్నవాడిని ఆయుధాలు లేకుండా గెంటేస్తే తప్పించుకునే వీలుండేది. కానీ 389లో చక్రవర్తులు, సొంత ఆస్తే అయినా బలవంతంగా లాక్కున్నవాడు యాజమాన్యం కోల్పోతాడని శాసించారు. మన చట్టం అంతదూరం పోలేదు, కానీ మీ గెలుపును కొన్నేళ్ళు వెనక్కి నెడుతుంది. పైగా క్రిమినల్ కేసు తలనొప్పి.

దావా ఎలా వేయాలి? స్వాధీనం మీ దగ్గర లేదు, హక్కును కాదంటున్నాడు. కాబట్టి ఒట్టి ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దనే ఉత్తర్వు) దావా నిలవదు. వరంగల్ స్థలాల మీద 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన అనాథుల సుధాకర్ తీర్పు ఈ తేడాను విడమరిచి చెప్పింది. హక్కు ప్రకటన, స్వాధీనం ఇప్పించడం, రెండూ కోరాలి. దావాకు ముందు మూడేళ్ళకు, ఆపైన స్వాధీనం వచ్చేదాకా వాడకానికి పరిహారం కూడా అడగండి. కోర్టు ఫీజు స్థలం మార్కెట్ విలువను బట్టి ఉంటుంది. నాన్నగారి వారసులందరూ, అమ్మగారు ఉంటే ఆవిడతో సహా, పార్టీలుగా ఉండాలి. ఒకరిని వదిలేస్తే అక్కడే అభ్యంతరం లేస్తుంది.

రుజువు భారం అతనిదే. 2004లో కర్ణాటక వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ఏ తేదీన వచ్చాడు, ఏ రకంగా వచ్చాడు, అసలు యజమానికి తెలుసా, ఎంతకాలం, బాహాటంగా అడ్డులేకుండా సాగిందా అన్నవి ప్లీడింగులోనే (కోర్టుకిచ్చే రాతపూర్వక వాదనలోనే) ఉండాలి. అడ్వర్స్ పొసెషన్ అంటే మీ యాజమాన్యాన్ని ఒప్పుకున్నట్టే. రేపు "నాన్నగారే నాకు అమ్మారు" అని కూడా వాదిస్తే రెండూ పొసగవు, లాయరుతో ఆ వైరుధ్యం గట్టిగా పట్టించండి. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ తీర్పు తర్వాత అతనే ముందుగా ఈ ఆధారంతో దావా వేయవచ్చు, అదీ ఆలస్యం చేయకపోవడానికి ఇంకో కారణం.

మీరు చూపించాల్సింది అనుమతి. 1998 దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల సర్టిఫికెట్), మీ పేరనో నాన్నగారి పేరనో ఉన్న పన్ను రసీదులు, కరెంటు మీటరు ఎవరి పేర ఉంది, ఎప్పుడు పెట్టారు, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి. "ఇంకో ఏడాది ఉండనివ్వండి" అన్న వాట్సాప్ సందేశం దొరికితే బంగారం. దాన్ని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. ఫోన్ మార్చకండి. నోటిమాట విన్నది ఎవరు? అమ్మగారా, ఆనాటి పెద్దమనుషులా? వాళ్ళే సాక్షులు. పవర్ పట్టా (పవర్ ఆఫ్ అటార్నీ) పుచ్చుకున్నవాడు మీకు స్వయంగా తెలిసిన సంగతుల గురించి మీ బదులు సాక్ష్యం చెప్పలేడు, 2016 పంచాయితీలో మీరు ఉండి ఉంటే కోర్టు అనుమతితో వీడియో ద్వారానైనా మీరే చెప్పాలి.

అసలు ప్రమాదం రేకుల షెడ్డు దగ్గర ఉంది. ప్రికేరియం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, కానీ మన ఈజ్‌మెంట్స్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం అనుమతి పుచ్చుకున్నవాడు దాని మీద ఆధారపడి ఖర్చుపెట్టి శాశ్వత కట్టడం కడితే అనుమతి రద్దు చేయడం కుదరదు. రేకుల షెడ్డు శాశ్వత కట్టడం అనిపించుకోవడం కష్టమే గానీ, శ్లాబు పడితే కథ మారుతుంది. అందుకే దావాతో పాటే కొత్త కట్టడాలు, అమ్మకాలు ఆపమని తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషను వేయండి. ప్రస్తుతం అక్కడ ఏముందో తేదీతో ఫోటోలు తీయించండి, వీలైతే స్థలం చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమనండి.

పవర్ పట్టా డాలస్ నుంచి పంపేటప్పుడు నోటరీ, అపోస్టిల్ (విదేశంలో చెల్లేందుకు వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించి పంపండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఆ గడువు తప్పితే, ఆ పట్టాతో మీ ఏజెంటు దావా దాఖలు చేసే రోజునే అభ్యంతరం మొదలవుతుంది.