కౌన్సెలర్‌కి చెప్పిన మాట ఇంట్లో వాళ్లకు చేరుతుందా?

కందుకూరు నుంచి మీరు అడిగింది ఇదే కదా. చాలావరకు చేరదు. చేరే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి నాకే జరిగింది.

మాది అల్లూరు దగ్గర పల్లె. రొయ్యల గుంటలు చేసేవాణ్ణి. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుకు పోయాయి. మేత బాకీ, వడ్డీలు, ఇంట్లో తెలియకుండా కుదవపెట్టిన నగలు. నిద్ర పట్టక నెల్లూరులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాను. మొదటిరోజే ఆమె చెప్పారు, "మీరు చెప్పేది నా దగ్గరే ఉంటుంది. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే మాత్రం దాచను" అని. ఆ టెన్షన్‌లో ఆ మాట నా చెవికెక్కలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు చచ్చిపోవాలనుందని, ఏ రోజో కూడా అనుకున్నానని చెప్పేశాను. "మీ ఆవిడకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగారు. నేను వద్దని గొడవపడ్డాను. అయినా నా ఎదురుగానే ఫోన్ చేశారు. నమ్మి చెబితే గుట్టు బయటపెట్టారని ఎంత కోపమొచ్చిందో! కానీ ఆమె చెప్పింది రెండే మాటలు: ఒంటరిగా వదలొద్దు, ఈరోజే డాక్టరుకు చూపించండి. నగల ఊసే ఎత్తలేదు. అది వారం తర్వాత నా భార్యకు నేనే చెప్పుకున్నాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెప్పేదీ ఇదేనని తర్వాత తెలిసింది. గోప్యత మన హక్కు. ప్రాణాపాయం ఉంటేనో, ఇంకొకరికి హాని జరిగేలా ఉంటేనో, హైకోర్టు లాంటివి ఆదేశిస్తేనో చెప్పవచ్చు. ఇంకొకరికి హాని తప్పించడానికైతే అందుకు అవసరమైనంతే చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరం సంగతి తెలిస్తే మాత్రం, పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాల్సిందే.

నెల్లూరు వెళ్లకముందు వేరే ఊళ్లో ఒక కౌన్సెలర్ దగ్గరికి పోతే, నా అప్పుల సంగతి మా మామ దాకా చేరింది. ఎవరి ప్రాణమూ కాపాడని మాట అది. అలాంటి వాళ్ల దగ్గరికి మళ్లీ పోకండి.

మొదటి సిట్టింగ్‌లోనే అడగండి: ఏ సందర్భంలో చెబుతారు, ఎవరికి చెబుతారు, ముందు నాకు చెబుతారా? నోట్స్ ఎవరు చూస్తారో కూడా అడగండి. సూటిగా చెప్పకపోతే ఇంకొకరిని చూసుకోండి. ఈలోగా మనసు మరీ బాగోకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.