అడిగి తెచ్చుకున్న మేకలు

ప్రశ్న: అమ్మా, ఘట్‌కేసర్ దగ్గర మాకు 600 గజాల ప్లాటు ఉంది. ఈ వానలకు తుప్పలు నడుమెత్తు పెరిగాయి, పాముల భయం పట్టుకుంది. మందు కొట్టించడం మాకు ఇష్టం లేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె తమ్ముడు తన నాలుగు మేకలను పదిహేను రోజులు ఉంచుకోమంటున్నాడు. మేమెప్పుడూ మేకలను సాకలేదు. తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: తెచ్చుకోండమ్మా. ఒక్కో మేక రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు తింటుంది. పదిహేను రోజుల్లో మీ ప్లాటు బాగానే పలచబడుతుంది. ఒక్కటే మేకను మాత్రం తేకండి, అది తోడు కోసం అరిచి అరిచి మేత మానేస్తుంది.

మేకలు రాకముందే ఒక పూట ప్లాటంతా నడిచి చూడండి. మన లేఅవుట్లలో ప్రహరీ పక్కన పచ్చ గన్నేరు పెడతారు. అది మేక ప్రాణం తీస్తుంది, కొట్టి పడేసిన ఎండు కొమ్మ కూడా విషమే. ఆముదం, ఉమ్మెత్త, లాంటానా (గుత్తులుగా రంగురంగుల పూలు పూసే తుప్ప) ఉన్నా తీయించండి. లాంటానా తింటే కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి. వయ్యారిభామను మేకలు పెద్దగా ముట్టవు, పూత రాకముందే చేతులకు గ్లౌజులు వేసుకుని మీరే పీకేయాలి. ప్లాస్టిక్ కవర్లు, తీగ ముక్కలు ఏరేయండి.

ఇక అసలు సంగతి. మాది ఇబ్రహీంపట్నం వైపు, మా నాయనకు పదిహేడు మేకలుండేవి. నాకు పదేళ్ళప్పుడు పక్కింట్లో పెళ్ళయ్యాక మిగిలిన అన్నం గంపెడు తెచ్చి మా దొడ్లో పోశారు. ప్రేమతోనే పోశారు. పొద్దుగూకేసరికి చూలు మేక ఒకటి పళ్ళు కొరుకుతూ పడుకుంది. నెమరు లేదు, ఎడమ డొక్క ఉబ్బి బిగిసింది. తెల్లారేసరికి పోయింది. మా అమ్మ ఆ రోజంతా అన్నం తినలేదు. మేక కడుపు ఆకుకు అలవాటు పడింది, అన్నమో పిండో ఒక్కసారిగా పడితే లోపల పులిసిపోతుంది. కాబట్టి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ముందే చెప్పండి, మిగిలిన బిర్యానీ గోడ మీద నుంచి వేయొద్దని. డొక్క ఉబ్బితే మీరు నూనె తాగించబోకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. వెంటనే 1962కు ఫోన్ చేయండి, పశువైద్యం వ్యాను వస్తుంది.

పొద్దున మంచు ఆరాకే వదలండి, తడి గడ్డి మీదకే నులిపురుగుల పిల్లలు ఎక్కుతాయి. శుభ్రమైన నీళ్ళ బకెట్ ఎప్పుడూ నిండుగా ఉండాలి. మేకకు వాన పడదు, రేకుల పందిరైనా వేయించండి. కింద నేల ఎత్తుగా, పొడిగా లేకపోతే గిట్టలు కుళ్ళుతాయి. రాత్రిపూట కుక్కలు దూరకుండా తలుపున్న చోటే ఉంచండి. ముళ్ళపొదల్లో తాడుతో కట్టకండి, మెడకు చుట్టుకుంటుంది.

రోజూ ఒకసారి పెంటికలు చూడండి, విడివిడిగా పూసల్లా ఉంటే కడుపు బాగున్నట్టే. కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగండి. లోపల ఎర్రగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే నులిపురుగులు రక్తం పీలుస్తూ ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి.

తెచ్చుకునే రోజే ఆ తమ్ముడిని అడగండి, పారుడు రోగానికి, చిటుక రోగానికి టీకాలు వేయించాడా అని. చూలుతో ఉన్నవాటిని ఇవ్వొద్దనండి. ఒక మేక పోతే మీకు బాధ, అతనికి సంసారమే కుంటుపడుతుంది. నష్టం జరిగితే ఎవరెంత భరించాలో ముందే మాట్లాడుకోండి, ఇందులో మొహమాటం వద్దు.

మేకలు ఆకు తింటాయి, మోడు మిగులుతుంది. సర్కారు తుమ్మ కాయలు తింటే గింజలు పెంటికల్లో మళ్ళీ మొలుస్తాయి, అందుకని ఆ కాయలను ముందే ఊడ్చేయండి. మేకలు వెళ్ళిన వారంలోపే కూలీని పెట్టి మొదళ్ళు వేర్లతో సహా తవ్వించండి, ఇంకో వాన పడితే మళ్ళీ చిగురేస్తాయి.